సావుబోనా: నిన్ను చూశాను



గత నెల ఒక శనివారం మధ్యాహ్నం కామారెడ్డి బస్టాండులో ఎల్లారెడ్డి బస్సు ఎక్కాను. బస్సు నిండుగా ఉంది. మా సంఘంలోని ఒక కుర్రవాడు, ఇంటర్మీడియట్ చదువుతున్నవాడు, కొంచెం జరిగి నాకు చోటిచ్చాడు. తాడ్వాయి దాటేదాకా ఫోనులో ఏదో చూస్తూ తనలో తాను నవ్వుకుంటున్నాడు. తరవాత ఫోను నా వైపు తిప్పాడు.

"అయ్యగారూ, గిది చూడుండ్రి. ఆఫ్రికల జూలూ అనేటోళ్లంట. ఎట్ల ఎగురుతున్నరో!"

ఆవుతోలు డాళ్లు పట్టుకొని, కాలు తలదాకా ఎత్తి, నేల అదిరేటట్లు తొక్కుతూ మగవాళ్లు ఆడుతున్నారు. ఆ వెంటనే గడ్డిమైదానంలో ఖడ్గమృగాలు, వాటి పిల్లలు. చూడముచ్చటగానే ఉంది.

"ఎప్పటికైనా గక్కడికి పోయి చూసి రావాలె అయ్యగారూ. మనోళ్లు ఎవ్వరూ పోని జాగ" అన్నాడు.

"ఎవ్వరూ పోలేదని నీకెవరు చెప్పారు? నూట అరవై ఏళ్ల కిందటే మన తెలుగువాళ్లు అక్కడికి పోయారు. వాళ్లలో మన విశ్వాసులు కూడా ఉన్నారు" అన్నాను.

వాడు నమ్మలేదు. అందుకని ఎల్లారెడ్డి చేరేదాకా ఆ దేశపు దారి వెంట వాణ్ణి మాటలతోనే నడిపించాను. ఆ మాటలే ఈ నెల మీకు వ్రాస్తున్నాను. చివరకు వాడు నాతో ఒక మాట అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టనివ్వని మాట. అది కూడా వ్రాస్తాను.

దక్షిణాఫ్రికా తూర్పు తీరాన, మన హిందూ మహాసముద్రం వైపు ముఖం పెట్టుకొని ఉన్న ప్రాంతం నేటాల్. 1994 నుండి దాని పేరు క్వాజులు-నేటాల్. అక్కడి పెద్ద రేవు డర్బన్. 1860 నవంబరు 16న మద్రాసు నుండి బయలుదేరిన 'ట్రూరో' అనే ఓడ 342 మందితో ఆ రేవు చేరింది. అది మొదటి ఓడ. 1911 వరకు ఇట్లా ఓడల మీద నేటాల్ చేరిన మనదేశపు కూలీలు 1,52,184 మంది. వారిలో సుమారు మూడింట రెండు వంతుల మంది మద్రాసు రేవులో ఎక్కినవారే. తమిళులతో పాటు విశాఖపట్నం, చిత్తూరు వైపు తెలుగువారు ఎందరో అందులో ఉన్నారు.

వారు ఎందుకు వెళ్లారు? అక్కడ తెల్లదొరలు చెరుకు తోటలు వేశారు. జూలూలకు తమ పశువులు, తమ చేలు ఉన్నాయి. ఇంకొకరి తోటలో ఏళ్ల తరబడి కూలి చేయవలసిన అవసరం వారికి లేకపోయింది. అందుకని దొరలు ఇండియా వైపు చూశారు. ఇక్కడ కరువు, అప్పు. ఒప్పందం అయిదేళ్లు. మొదటి ఏడు నెలకు పది షిల్లింగుల జీతం, తిండి, ఉండటానికి ఒక గది. చీటీ లేకుండా తోట దాటి బయటికి పోతే నేరం. ఒప్పందం తీరిన తరవాత అక్కడే ఉండిపోదామనుకునేవారి మీద 1895లో ఒక చట్టం వచ్చింది. ఏడాదికి తలకు మూడు పౌండ్ల పన్ను. నెల జీతం పది షిల్లింగులైన మనిషికి మూడు పౌండ్లంటే ఆరు నెలల జీతం. 1913లో గాంధీగారి నాయకత్వాన కూలీలు సమ్మె చేసిన తరవాత, 1914లో గాని ఆ పన్ను పోలేదు.

"ఏజెంటు, ఒప్పందం, క్యాంపు గది. గివన్నీ ఇప్పుడు గూడ ఉన్నయి గదా అయ్యగారూ" అన్నాడు కుర్రవాడు. వాడికి ఆ సంగతి నాకంటే బాగా తెలుసు. వాడి తండ్రి గల్ఫులో ఉన్నాడు.

డర్బన్ నుండి సముద్రపు ఒడ్డున ఉత్తరానికి సుమారు డెబ్బయి కిలోమీటర్లు పోతే క్వాడుకూజా అనే ఊరు. దాన్ని లోగడ స్టాంగర్ అనేవారు. చిన్న తెగగా ఉన్న జూలూలను ఒక రాజ్యంగా చేసిన రాజు షాకా 1828లో చంపబడింది అక్కడే. చంపింది పరాయివాళ్లు కాదు, తండ్రి ఒక్కడైన సొంత తమ్ముళ్లే. ఆయన జ్ఞాపకార్థపు కట్టడం ఆ ఊళ్లో ఉంది. చుట్టూ చెరుకు తోటలు.

ఇంకా ఉత్తరానికి పోతే తుగేలా నది. దానికి ఇవతల ఒకప్పుడు దొరల వలస రాజ్యం, అవతల జూలూల రాజ్యం. జూలూ ఇల్లు గుండ్రంగా, గడ్డి కప్పుతో, తేనెపట్టును బోర్లించినట్లుండేది. ఇళ్లన్నీ వలయంగా, నడుమ పశువుల దొడ్డి. పశువే వారి ధనం. పెళ్లికి మగపిల్లవాని వారు ఆడపిల్ల వారికి పశువులిస్తారు. మన రైతు తన ఎద్దును పుల్ల, మల్ల, కర్రి అని రంగును బట్టి పిలుచుకున్నట్లే, వారి భాషలో కూడా పశువు తోలు మీది ప్రతి రంగుకూ మచ్చకూ ఒక పేరుంది. 1879 జనవరి 22న ఇసాండ్ల్వానా అనే కొండ దగ్గర ఈటెలు, డాళ్లు పట్టిన జూలూ సైన్యం తుపాకుల ఇంగ్లీషు దళాన్ని ఓడించింది. కానీ ఆ ఏడు తిరగకముందే వారి రాజ్యం పోయింది. ఫోనులో మనం చూసి నవ్వుకున్న ఆ ఆటలో, ఆ డాలులో, ఇంత కథ ఉంది.

ఆపైన హ్లుహ్లువే-ఇమ్‌ఫొలోజి అనే అభయారణ్యం. అది జూలూ రాజులు వేటాడిన అడవి. 1895లో దాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. అప్పటికి వేటగాళ్ల తుపాకులకు తెల్ల ఖడ్గమృగాలు దాదాపు అంతరించిపోయాయి. దక్షిణాఫ్రికాలో వందకు లోపే, ఈ అడవిలోనే, మిగిలాయి. కాపలా పెట్టి, లెక్కపెట్టి, వాటిని పెంచారు. 1960ల్లో ఇయాన్ ప్లేయర్ అనే అటవీ అధికారి, ఆయన తోటివారు వాటిని పట్టి వేరే అడవులకు, వేరే దేశాలకు పంపించారు. ఈనాడు లోకంలో ఎక్కడ ఆ దక్షిణపు తెల్ల ఖడ్గమృగం కనబడినా దాని మూలం ఆ మిగిలిన కొద్ది వాటిలోనే ఉంది.

"మన పోచారం అడవి కూడా ఇట్లాంటిదే" అని వాడికి చెప్పాను. ఎల్లారెడ్డి నుండి మెదకు పోయే దారిలో, చెరువు పక్కన మనం చూసే ఆ అడవి ఒకప్పుడు నిజాం వేటాడిన చోటు. 1952లో అది అభయారణ్యమైంది. వేటాడిన చోటే కాపాడే చోటైంది. ఎవరో ఒకరు కూర్చుండి 'ఎన్ని మిగిలాయి?' అని లెక్క అడిగితేనే గదా ప్రాణి బతికేది!

సరే, మృగాలకు లెక్క దొరికింది. మరి ఆ చెరుకు తోటల్లో, తేయాకు తోటల్లో పనిచేసిన మన మనుషుల లెక్క ఎవరడిగారు?

ఒక సంఘం అడిగింది. నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల తెలుగు బాప్తిస్టు సంఘాలను మీరు ఎరుగుదురు. గొప్ప కరువు తరవాత, 1878 జూలై 3న ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మము పొందిన సంఘాలు అవి. వారు కలవారు కారు. ఎక్కువ మంది పాలేర్లు, తోలుపని చేసేవారు, రోజు కూలీలు. వారిలో కొందరు నేటాల్ తోటలకు పోయారు. అక్కడ తెలుగులో ప్రార్థన చేయించేవారు లేరు, పిల్లలకు వాక్యం చెప్పేవారు లేరు. మాకొక పాదిరిని పంపండి అని స్వదేశపు సంఘాన్ని అడిగారు.

తెలుగు బాప్తిస్టుల స్వదేశ మిషనరీ సంఘం జాన్ రంగయ్యగారిని పంపింది. 1903లో ఆయన కుటుంబంతో సహా సముద్రం దాటి నేటాల్ చేరారు. ఆలోచించండి. మిషనరీ అంటే మనకు తెల్లవారే గుర్తుకు వస్తారు. మనకు మెదకు దేవాలయం కట్టించిన పాస్నెట్ దొరగారు, డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు సేవ చేసిన కెర్ దంపతులు సముద్రం దాటి మన దగ్గరికి వచ్చినవారే. కానీ ఆ రోజుల్లోనే, ఒక బీద తెలుగు సంఘం తన చందాలతో తన మనిషిని సముద్రం దాటించింది. అదే సంవత్సరం డిసెంబరులో, క్వాడుకూజాకు లోపలి వైపు తేయాకు తోటలున్న కీర్స్నీలో, మొదటి తెలుగు బాప్తిస్టు సంఘం ఏర్పడింది. రంగయ్యగారు తోట తోటకూ తిరిగి, సంఘాలు కట్టి, 1915లో ఆ దేశంలోనే ప్రభువునందు నిద్రించారు. తరవాత ఆయన కుమారుడు థియోడర్ రంగయ్యగారు కూడా అక్కడి సంఘాలకు పాదిరిగా సేవ చేశారు.

యూదులు బబులోనుకు చెరపట్టబడి పోయినప్పుడు యిర్మీయా ప్రవక్త యెరూషలేములో ఊరక కూర్చోలేదు. వారికి ఉత్తరం వ్రాశాడు. ఇండ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, మీరున్న పట్టణపు క్షేమం కోసం ప్రార్థించండి అని (యిర్మీయా 29). నెల్లూరు సంఘం ఒక మనిషినే ఉత్తరంగా పంపింది.

కీర్స్నీకి దగ్గరలోనే గ్రౌట్‌విల్ అనే జూలూ క్రైస్తవుల ఊరు ఉంది. నోబెల్ శాంతి బహుమతి పొందిన మొదటి ఆఫ్రికా దేశస్థుడు ఆల్బర్ట్ లుతూలీగారు అక్కడివారే. ఆయన ఊరి పెద్ద, సంఘంలో వాక్యం చెప్పేవారు. 1938లో మద్రాసు దగ్గర తాంబరంలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభకు ప్రతినిధిగా మన దేశం వచ్చి వెళ్లారు కూడా. 1952లో ప్రభుత్వం, జాతీయ ఉద్యమమైనా వదులు, పెద్దరికమైనా వదులు అన్నప్పుడు ఆయన పెద్దరికం పోగొట్టుకొన్నారు గాని ఉద్యమాన్ని వదలలేదు. 1960 సంవత్సరపు నోబెల్ బహుమతి 1961లో ఆయన చేతికి వచ్చింది.

అయితే అన్ని దినాలూ మంచివి కావు. 1949 జనవరిలో డర్బన్‌లో ఆఫ్రికావారికి, మనదేశపు వారికి మధ్య జరిగిన అల్లర్లలో 142 మంది చనిపోయారు. ఏళ్ల తరబడి పక్కపక్కనే బతికారు, కానీ ఒకరినొకరు ఎరుగలేదు. ఆ గొడవలోనూ పొరుగువాణ్ణి తన ఇంట దాచి కాపాడిన ఆఫ్రికావారు ఉన్నారు.

బస్సు లింగంపేట దాటింది. నేను వాడికి చివరి సంగతి చెప్పాను. "జూలూలు ఒకరికొకరు ఎదురైతే ఏమని పలకరించుకుంటారో తెలుసా? సావుబోనా."

వాడు ఫక్కున నవ్వాడు. "సావు అంటున్నరేంది అయ్యగారూ!" ముందు సీటులో ఉన్న తండా తల్లి కూడా వెనక్కి తిరిగి చూసింది.

"సావు కాదురా. ఆ మాటకు వాళ్ల భాషలో 'నిన్ను చూశాను' అని అర్థం. నీవు నా కండ్లకు ఆనినావు, నీవొక మనిషివని గుర్తించాను అని."

అప్పుడే నాకు హాగరు గుర్తుకు వచ్చింది. పరదేశి, పనిమనిషి, యజమానురాలి బాధ పడలేక అరణ్యానికి పారిపోయిన గర్భిణి. ఆమెను ఎవరూ పేరు పెట్టి పిలిచినట్లు లేదు. నీటిబుగ్గ దగ్గర దేవుని దూత మొదట ఆమెను పేరు పెట్టి పిలిచాడు. ఎక్కడి నుండి వచ్చావు, ఎక్కడికి పోతున్నావు అని అడిగాడు. ఆమె ఆ దేవునికి, తన్ను చూచే దేవుడని పేరు పెట్టింది (ఆదికాండము 16). ఇంతమంచి సంగతి దొరికింది, ఆదివారం ప్రసంగానికి పనికి వస్తుంది అని నాలో నేను సంతోషించాను.

ఎల్లారెడ్డి బస్టాండులో దిగాము. వాడు వెంటనే పోలేదు. చెప్పు కొనతో నేల గీస్తూ నిలబడ్డాడు.

"అయ్యగారూ, ఒక మాటంటే ఏమనుకోరు గదా?"

"చెప్పు బాబూ."

"మా బాపు పోయి తొమ్మిదేండ్లయింది. మొన్న సెలవుకు వచ్చినప్పుడు మీరు ఇంటికొచ్చి ప్రార్థన చేసిండ్రు. చర్చి గోడకు ఎంత రాసుకోమంటవని అడిగిండ్రు. ఇరవై వేలు రాసిండు. మీరు పోయినంక అన్నడు, అయ్యగారు నేను ఎట్లున్ననో అడగకపాయె అని."

అంతే. వాడు వందనాలని చెప్పి పోయాడు.

మా చర్చికి ఇప్పుడు మంచి ప్రహరీ గోడ ఉంది. గేటు పక్కన చందాదారుల పేర్లు చెక్కిన రాయి ఉంది. అందులో ఆయన పేరు ఉంది. ప్రతి ఆదివారం ఆ రాయి పక్కనుండే లోపలికి పోతాను. పేరును చూశాను గాని మనిషిని చూడలేదు. ఆరాధనలో 'దూరదేశాల్లో ఉన్న మా బిడ్డలను కాపాడు' అని ప్రార్థించని ఆదివారం లేదు. ఆ బిడ్డలు ఎందరు, ఎక్కడెక్కడ ఉన్నారు అని ఎవరైనా నన్ను అడిగితే చెప్పలేను. ఖడ్గమృగాలకున్న పాటి లెక్క నా మందకు లేదు.

ఆ సాయంత్రమే వారింటికి పోయాను. ఆ తల్లి అరుగు మీద కూర్చుండి, ఒడిలో చాట పెట్టుకొని బీడీలు చుడుతున్నది. నన్ను చూసి చాట పక్కకు పడేసి లేచి నిలబడింది. ముఖం తెల్లబోయింది.

"ఏమైంది అయ్యగారూ? అక్కడి నుంచి ఏమన్న ఫోన్ వచ్చిందా?"

నాకు మొదట అర్థం కాలేదు. తరవాత అర్థమై సిగ్గుపడ్డాను. పిలవకుండా పాదిరి గడపలోకి వస్తే అది చావు కబురే అయి ఉంటుందని ఆ తల్లి అనుకున్నది. ఇన్నేళ్లలో నేను చందాకో, చావుకో తప్ప ఊరక ఆ ఇంటికి పోలేదన్నమాట.

"ఏమీ కాలేదమ్మా. ఊరికే చూసిపోదామని వచ్చాను" అన్నాను. ఆమె కూర్చుని కొంగుతో కండ్లు తుడుచుకొంది. కుర్రవాడు తండ్రికి ఫోను కలిపి నా చేతికిచ్చాడు. ఆయన కూడా మొదట అడిగింది అదే: "ఏమైంది అయ్యగారూ? ఇంట్ల అందరు మంచిగున్నరా?"

"అందరూ బాగున్నారు. నీవు ఎట్లున్నావో అడగడానికే చేశాను. ముందే అడగవలసింది, అడగలేదు. క్షమించు" అన్నాను.

అవతల చాలాసేపు మాట లేదు. తరవాత అరగంట మాట్లాడాడు. అవన్నీ ఆయన సొంత సంగతులు, ఇక్కడ వ్రాయను. ఆయన అనుమతితో ఒక్కటి వ్రాస్తున్నాను. క్యాంపు పట్టణానికి దూరం, సెలవు రోజు కూడా పని. నాలుగేళ్లుగా ఆయన ప్రభువు సంస్కారం తీసుకోలేదు. మన భాషలో పక్కన కూర్చుండి ప్రార్థించినవారు లేరు. ఫోనులోనే ముగ్గురమూ, ఆయనతో నలుగురమూ, కలిసి ప్రార్థన చేసుకున్నాము. ఫోను పెట్టేసిన తరవాత ఆ తల్లి చాట మళ్లీ ఒడిలోకి తీసుకోలేదు. టీ పెట్టింది.

ప్రియులారా, కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతంలో గల్ఫుకు మనిషి పోని ఊరు అరుదు. నెల్లూరు వారివలె మనం పాదిరిని ఓడ ఎక్కించలేకపోవచ్చు. కానీ వారికి లేనిది మనకు ఉంది. ఫోను అందరి చేతుల్లో ఉంది. అందుచేత మా సంఘ పెద్దలతో, స్త్రీల మైత్రితో మాట్లాడి కొన్ని తీర్మానాలు చేసుకున్నాము. మీ సంఘాల్లోనూ ఆలోచించండి.

మొదటిది, ఒక పుస్తకం పెట్టాము. దూరదేశంలో ఉన్న ప్రతి ఒక్కరి పేరు, దేశం, పని, ఫోను నంబరు, పాస్‌పోర్టు నకలు ఎవరి దగ్గర ఉన్నది, ఇంటి దగ్గర ఎవరెవరున్నారు అన్నది అందులో వ్రాస్తున్నాము. ఇప్పటికి పదిహేడు పేర్లు వచ్చాయి. నేను ఆరో ఏడో ఉంటాయనుకున్నాను.

రెండవది, నెలకు ఒకసారి సంఘం తరపున ఒకరు ప్రతి ఒక్కరికీ ఫోను చేయాలి. ఆ ఫోనులో డబ్బు మాట ఎత్తకూడదు. చందా సంగతి వేరే రోజు.

మూడవది, కొత్తగా పోయేవారికి ముందే నాలుగు మాటలు చెప్పాలి. ప్రభుత్వం దగ్గర నమోదైన ఏజెంటు ద్వారానే పోవాలి. విజిట్ వీసా మీద పనికి పోరాదు. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద ప్రమాదవశాత్తు మరణానికి, శాశ్వత అంగవైకల్యానికి పది లక్షల రూపాయల బీమా ఉంది, కాగితం ఇంట్లో పెట్టి పోవాలి. కష్టం వస్తే విదేశాంగ శాఖవారి 'మదద్'లో ఫిర్యాదు వ్రాయవచ్చు. చదువుకున్న మన పిల్లలు ఆ పని చేసి పెట్టగలరు.

నాలుగవది, వారి ఇండ్లకు పని లేకుండా పోవాలి. చందా పుస్తకం లేకుండా పోవాలి. పాదిరి వస్తే చావు కబురు అనే భయం మన గడపల నుండి పోవాలి.

ఆదివారం ప్రసంగం అనుకున్నట్లు సాగలేదు. హాగరు సంగతి చెప్పబోయి, బస్టాండులో కుర్రవాడు అన్న మాట, పేరు చెప్పకుండా, ఉన్నదున్నట్లు చెప్పి, సంఘాన్ని క్షమాపణ అడిగాను. ఆరాధన ముగిసిన తరవాత గేటు దగ్గర ఆ కుర్రవాడు నా ఎదుటికి వచ్చి చేయి చాపాడు.

"సావుబోనా, అయ్యగారూ" అన్నాడు. ఈసారి నవ్వలేదు.

తన్ను చూచే దేవుడు మీ ఇండ్లనూ, దూరదేశంలో ఉన్న మీ వారినీ చూచును గాక. ఆయన కండ్లతో ఒకరినొకరు చూచే కృప మనకందరికీ దయచేయును గాక. ఆమేన్.